మూడో ఓటు ఎందుకు?

"రెండు సర్వర్లు పెట్టేస్తే ఇక భయం లేదు" అనే మాట మన ల్యాబ్‌లో తరచూ వింటుంటాను. నాకైతే అసలు కథ అక్కడే మొదలవుతుందనిపిస్తుంది.

ఓ బట్టల కొట్టు బిల్లింగ్ సర్వర్‌నే తీసుకుందాం. ముందు యజమానిని రెండు ప్రశ్నలడగాలి. సర్వర్ పడిపోతే ఎంతసేపు ఆగగలరు? ఎన్ని నిమిషాల బిల్లులు పోతే తట్టుకోగలరు?

ఒక్క బిల్లూ పోకూడదంటే సింక్రనస్ రెప్లికేషన్ కావాలి. లినక్స్‌లో డీఆర్‌బీడీ 'ప్రోటోకాల్ సి' చేసేది ఇదే. రెండు డిస్కుల్లోనూ పడ్డాకే "రాశాను" అంటుంది. కాకపోతే దూరంతోపాటు ఆలస్యమూ పెరుగుతుంది. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కి.మీ. అంటే 100 కి.మీ. వెళ్ళి రావడానికే 1 మిల్లీసెకను. ప్రతి రాతకూ ఆ నిరీక్షణ తప్పదు. అందుకే ఒకే భవనంలో సింక్రనస్, దూరపు ఊరికి అసింక్రనస్ మేలంటాను. రెండోదాంట్లో చివరి కొన్ని రాతలు పోవచ్చని యజమానికి ముందే చెప్పాలి.

మరి మధ్యలో కేబుల్ తెగితే? రెండు సర్వర్లూ "అవతలిది పోయింది, ఇక నేనే" అనుకుని వేర్వేరు బిల్లులు రాసేస్తాయి. ఇదే స్ప్లిట్ బ్రెయిన్. ఆ రెండు లెక్కల్నీ మళ్ళీ కలపడం నరకం. అందుకే ఎవరు కొనసాగాలో తేల్చే మూడో ఓటు, ఓడినదాని కరెంటు ఆపేసే ఫెన్సింగ్ ఉండాలి.

ఇంకో మాట. రెప్లికేషన్ బ్యాకప్ కాదు. ఎవరైనా పొరపాటున టేబుల్ చెరిపేస్తే రెండో సర్వర్లోనూ అది బుద్ధిగా చెరిగిపోతుంది. బ్యాకప్ విడిగా తీయండి, అప్పుడప్పుడూ రీస్టోర్ చేసి చూడండి.