చెరిగిన చిత్రము – చెరగని ధ్వని

మా ఇల్లందునకు బొగ్గుట్ట యని మరియొక పేరు గలదు. 1871లో భూగర్భ పరిశోధన శాఖకు చెందిన విలియం కింగు ఈ ప్రాంతమున బొగ్గు ఉన్నదని కనుగొనెను. 1889 నుండి బొగ్గు తీయుట ప్రారంభమయ్యెను. ఇది మా విద్యార్థులందరు ఎరిగిన విషయమే. లండను నగరమునందును ఒక ‘బొగ్గుట్ట’ పాఠశాల ఉన్నదని చెప్పిన వారు ఆశ్చర్యపడుదురు. దాని పేరు కోల్ హిల్ స్కూలు. అయితే అది నిజమైన పాఠశాల కాదు, ‘డాక్టర్ హూ’ అను టెలివిజను ధారావాహికలోని పాఠశాల.

ఆ ధారావాహిక మొదటి భాగమును బి.బి.సి. 1963 నవంబరు 23వ తేదీన ప్రసారము చేసెను. ఆ బడిలోని సైన్సు మాస్టారొకరు, చరిత్ర బోధించు ఉపాధ్యాయిని యొకరు తమ విద్యార్థిని యొకతె వింత తెలివిని చూచి అనుమానపడి, ఒక సాయంకాలము ఆమె వెంట పోవుదురు. పాత ఇనుప సామానుల ఆవరణలో ఒక పోలీసు పెట్టె. లోపల అడుగిడినచో అది కాలములో ప్రయాణము చేయు యంత్రము! గతమునకు పోయిన కథలలో చరిత్రను, ఇతర లోకములకు పోయిన కథలలో విజ్ఞానమును పిల్లలకు నేర్పవలెనని బి.బి.సి. వారు తలచిరి గనుకనే ఆ ఇద్దరు ఉపాధ్యాయులను కథలో నియమించిరి. మన వృత్తి వారికి ఇంతటి గౌరవము వేరే ఏ సాహస కథలోను లభించినట్లు నేనెరుగను. ఈ మొదటి కథకు దర్శకుడు వారిస్ హుస్సేన్. ఆయన లక్నోలో జన్మించిన వాడు. అప్పటికి ఆయనకు ఇంకను ఇరువది అయిదేండ్లు నిండలేదు.

ఈ ధారావాహిక 1963 నుండి 1989 వరకు నడచి, కొంత విరామము తరువాత 2005లో మరల ఆరంభమైనది. పాత భాగములే సుమారు ఏడు వందలు. ఒక్కొక్కటి ఇంచుమించు 25 నిమిషములు. రాత్రికి ఒకటి చొప్పున చూచినను దాదాపు రెండు సంవత్సరములు పట్టును. అయినను మొదటి నుండి చివర వరకు వరుస తప్పక చూడవలెనను పట్టుదల గల అభిమానులు లోకమంతట ఉన్నారు. ఎం.ఎస్సీ. చదువునాటి మిత్రులు ఇద్దరు, నేను ఆ గుంపులో చేరితిమి. ఒకరు ఇంగ్లండులో ఉద్యోగము చేయుచున్నారు, డిస్కులు పంపినది ఆయనే. భోజనానంతరము ఒక భాగము చూచి, మరునాడు ఫోనులో వాదులాడుకొనుట మా పద్ధతి. మా ఇంటిలో దీనిని నా రాత్రి బడి అందురు.

పదమూడు రాత్రులు నిరాటంకముగ గడచినవి. పదునాలుగవ రాత్రి బండి ఆగిపోయినది. పదునాలుగవ భాగముతో ఆరంభమగు కథ ‘మార్కో పోలో’. 1964లో ఏడు వారములు ప్రసారమైన ఆ కథలో నేడు ఒక్క భాగమునకైనను చిత్రము లేదు. ధ్వని మాత్రము పూర్తిగ ఉన్నది, కొన్ని నిశ్చల ఛాయాచిత్రములు ఉన్నవి. విచిత్రమేమన, మా వంటి వారికి మిక్కిలి ఉపయోగపడు పాఠము అందులోనే కలదు. గోబీ ఎడారిలో నీరు లేక అందరును అలమటించుచుండగా, రాత్రి చలికి ఆ యంత్రపు లోపలి గోడలపై నీటి బిందువులు చేరును. నీటిని దాచి తమను మోసగించితిరని మార్కో పోలో కోపగించును. అది మోసము కాదు, సాంద్రీకరణము అని సైన్సు మాస్టారు వివరింపవలసి వచ్చును. ఆ సంభాషణను నేను చీకటిలో కూర్చుండి వింటిని. గోడపై జారు నీటిని ఊహించుకొంటిని.

చిత్రము ఏమైనది? దీనికి జవాబు అయస్కాంత టేపు స్వభావములో ఉన్నది.

టేపుపై అయస్కాంత గుణము గల సన్నని రేణువులు పూసి యుండును. ధ్వనిని గాని చిత్రమును గాని విద్యుత్తరంగములుగ మార్చి, ఆ తరంగముల ననుసరించి ఈ రేణువులను అయస్కాంతీకరించుటయే రికార్డింగు. ధ్వనికి సెకనునకు పది, పదునైదు వేల కంపనములు చాలును. కాని ఆనాటి బ్రిటిషు టెలివిజను చిత్రమునకు సెకనునకు 30 లక్షల కంపనముల వరకు కావలెను. టేపు సెకనునకు 38 సెంటీమీటర్ల వేగమున కదలుచు, రికార్డింగు తల నిశ్చలముగ ఉన్నచో, ఒక్కొక్క కంపనమునకు టేపుపై లభించు స్థలము మిల్లీమీటరులో సుమారు ఎనిమిది వేలవ వంతు మాత్రమే. అంతటి సూక్ష్మమైన గుర్తును ఆనాటి తల వ్రాయలేదు, చదువలేదు. 1956లో అమెరికాలోని ఆంపెక్స్ కంపెనీ వారు దీనికొక ఉపాయము చేసిరి. టేపును వేగముగ పరుగెత్తించుటకు బదులు, నాలుగు తలలను ఒక చక్రముపై అమర్చి, ఆ చక్రమును నిమిషమునకు సుమారు పదునైదు వేల మార్లు టేపునకు అడ్డముగ త్రిప్పిరి. టేపు మెల్లగనే నడచును, కాని తలకు, టేపునకు మధ్యనున్న సాపేక్ష వేగము సెకనునకు 40 మీటర్లు. ఇప్పుడు ఒక్కొక్క కంపనమునకు నూరు రెట్లు అధికముగ చోటు దొరకినది. సాపేక్ష వేగమును బోధించునపుడు రైలుబండ్లతో పాటు ఈ చక్రమును కూడ చెప్పవచ్చును.

రెండంగుళముల వెడల్పు గల ఈ టేపు చాల ఖరీదైనది. దాని గొప్పతనము, దాని శాపము ఒక్కటే – చెరిపి మరల వాడవచ్చును. ఇండ్లలో వీడియో చూచు రోజులు అప్పటికి రాలేదు. నటుల సంఘముతో చేసికొన్న ఒప్పందముల వలన పునఃప్రసారములకు పరిమితి ఉండెను. రంగుల టెలివిజను వచ్చిన పిదప నలుపు తెలుపు కార్యక్రమములను అడుగువారు లేకపోయిరి. అందుచేత చెరిపివేసిరి. మొదటి ఆరు సంవత్సరములలో ప్రసారమైన 253 భాగములలో తొంబదికి పైగా నేటికిని దొరకలేదు. మనము వారిని నిందించుటకు తొందరపడరాదు. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ (1932) కూడ నేడు చూచుటకు దొరకుట లేదు.

నిందించుటకు నాకు అసలే అర్హత లేదు. మా తాతగారు ఇక్కడి భూగర్భ గనిలో పనిచేసినవారు. దీపము పట్టుకొని దిగుట, పైకప్పు విరుగుటకు ముందు కఱ్ఱ స్తంభములు చేయు చిటపట శబ్దమును చెవితో పసికట్టుట – ఇవన్నియు ఆయన చెప్పుచుండగా మా నాయనగారు ఒక కేసెట్టుపై పట్టియుంచిరి. నాకు పదేండ్ల వయస్సున, తాతగారు పోయిన మరుసటి యేడు, ఆ కేసెట్టుపై రేడియోలోని సినిమా పాటలు రికార్డు చేసితిని. మా నాయనగారు నన్ను కొట్టలేదు. ఆ పెట్టె పక్కన చాలసేపు ఊరక కూర్చుండిరి.

ఇప్పటి యంత్రములతో ఆ మాటలను తిరిగి రాబట్టలేమా యని మా విద్యార్థులు అడిగిరి. లేదు. రికార్డింగు తలకు ముందు చెరుపు తల ఒకటి యుండును. అది మన చెవికి వినిపించు హద్దునకు ఎన్నో రెట్లు మించిన పౌనఃపున్యముతో అయస్కాంత క్షేత్రమును అటునిటు మార్చుచుండును. దాని ముందుగ పోవు ప్రతి రేణువును అనేక పర్యాయములు తిరుగబడి, టేపు దూరమగు కొలది క్షీణించు ఆ క్షేత్రములో ఎటు తోచిన అటు నిలిచిపోవును. వెనుకటి వరుసకు గుర్తు మిగులదు. పలకను తుడిచినపుడు గీతల జాడ కనిపించును గాని ఇది అటువంటిది కాదు.

ఫిల్ము సంగతి వేరు. విదేశములకు అమ్ముటకై బి.బి.సి. వారు టెలివిజను తెర యెదుట కెమేరాను నిలిపి, ఆ చిత్రమును 16 మిల్లీమీటర్ల ఫిల్ముపై తీసిరి. ఫిల్ముపై వెలుగు కలిగించు మార్పు రసాయనికమైనది. డెవలపు చేసిన తరువాత వెండి రేణువులు జెలటినులో స్థిరపడును, దానిని చెరిపి మరల వాడుటకు వీలు లేదు. గోదావరి లోయలోని బొగ్గు పొరల నడుమ ఉన్న రాళ్లపై గ్లాసోప్టెరిస్ అను ప్రాచీన వృక్షపు ఆకుల ముద్రలు ఉండును. ఇరువది అయిదు కోట్ల యేండ్లకు పైబడిన ఆ ఆకు మాయమైనను అచ్చు మిగిలినది. ఫిల్ము అటువంటి అచ్చు. అయితే అచ్చును కూడ పారవేయవచ్చును. 1978 వరకు వారు ఈ ఫిల్ములను సైతము పారవేసిరి. అదృష్టవశమున దేశ దేశములకు పోయిన ప్రతులలో కొన్ని మరచిపోబడి మిగిలినవి. ‘టూంబ్ ఆఫ్ ది సైబర్‌మెన్’ అను కథ నాలుగు భాగములును 1990 దశకపు ఆరంభములో హాంగ్‌కాంగు నుండి తిరిగి వచ్చినవి. 2013లో నైజీరియాలో దొరకిన తొమ్మిది భాగములను ప్రకటించిరి.

చిత్రము పోయిన భాగములన్నింటికిని ధ్వని ఎట్లు మిగిలినది? ఇది ప్రభుత్వము గాని ప్రసార సంస్థ గాని చేసిన పని కాదు. 1960 దశకమున కొందరు కుఱ్ఱవాండ్రు తమ ఇండ్లలో టెలివిజను స్పీకరు ముందు మైకు పెట్టి, ఇంట్లోని వారిని మాట్లాడవద్దని బ్రతిమాలుకొని, టేపు రికార్డరులపై ప్రతి వారము పట్టిరి. మరి కొందరు స్పీకరు తీగలకే కలిపిరి. ఒకరి ప్రతిలో గరగర మనిన చోటు వేరొకరి ప్రతిలో స్పష్టముగ నుండును. వాటిని పోల్చి, అతికి, శుభ్రపరచి ఇప్పుడు సంపూర్ణమైన ధ్వనిని తయారు చేసిరి. ఆ ధ్వనికి బొమ్మలు గీసి ‘పవర్ ఆఫ్ ది డాలెక్స్’ అను కథను 2016లో మరల విడుదల చేసిరి.

అన్నింటికంటె నన్ను ఆకర్షించినది రంగుల కథ. 1970 నుండి ఈ ధారావాహిక రంగులలో వచ్చినది. అందును కొన్నింటి రంగు టేపులు చెరిగి, నలుపు తెలుపు ఫిల్ములే మిగిలినవి. నలుపు తెలుపు ఫిల్ములో రంగు ఎక్కడ నుండి వచ్చును? అక్కడనే ఉన్నది! బ్రిటనులోను, మన దేశములోను వాడిన పాల్ పద్ధతిలో, వెలుగు నీడల సంకేతముపై రంగుల సంకేతమును సెకనునకు 44 లక్షల 30 వేల కంపనముల తరంగముగ ఎక్కింతురు. తరంగము ఎంత బలముగ నున్న రంగు అంత గాఢము. దాని దశ ఎటు జరిగిన రంగు అటు మారును. నలుపు తెలుపు తెరపై ఈ తరంగము సన్నని చుక్కల వలె కనబడును. ఒక్కొక్క గీతలో సుమారు 230 చుక్కలు. ఫిల్ము తీయునపుడు వీటిని వడపోత సాధనముతో తొలగింపవలెను. కొన్ని పర్యాయములు తొలగింపలేదు. చుక్కలు ఫిల్ముపై పడినవి. నలుబది సంవత్సరముల తరువాత ఆ ఫిల్మును మిక్కిలి సూక్ష్మముగ స్కాను చేసి, చుక్కల బలమును, స్థానమును కంప్యూటరుతో కొలచి, రంగును లెక్కగట్టిరి. ఆనాడు వడపోత సరిగ చేసిన శ్రద్ధగల ఉద్యోగి వలన నష్టము, చేయని వాని వలన లాభము కలిగినవి!

ఒక చిక్కు కలదు. దశను కొలచుటకు ఒక ప్రమాణము కావలెను. ఆ ప్రమాణ సంకేతము ప్రతి గీతకు మొదట, చిత్రపు అంచునకు వెలుపల ఉండును. కావున అది ఫిల్ముపై పడదు. పైగా పాత ఫిల్ము ముడుచుకొని చుక్కలు స్థానభ్రంశము చెందును. అందుచేత కంప్యూటరు చెప్పిన రంగులలో ఏది సత్యమో మనిషి కన్నే నిర్ణయింపవలసి వచ్చును. మనుష్యుని ముఖము ఆకుపచ్చగ ఉండదు గదా! (ఈ ధారావాహికలో కొన్ని ముఖములు ఆకుపచ్చగనే ఉండును, అది వేరు మాట.) 1971 నాటి ‘మైండ్ ఆఫ్ ఈవిల్’ కథలో అయిదు భాగముల రంగును ఈ విధముగ రాబట్టి 2013లో విడుదల చేసిరి. మొదటి భాగపు ఫిల్ముపై పనికివచ్చు చుక్కలు లేనందున దానికి చేతితోనే రంగు వేసిరి.

ఇల్లందు ఇండ్లలో పాత కేసెట్టులు ఇంకను బీరువాల అడుగున ఉన్నవి. పెండ్లి పాటలు, పెద్దల మాటలు, బుఱ్ఱకథలు. విద్యార్థుల చేత వాటిని కంప్యూటరునకు ఎక్కింపించుట సులభమైన పని. ముందుగ కేసెట్టు వెనుక అంచున గల రెండు చిన్న ప్లాస్టిక్ రేకులను విరిచివేయవలెను. ఒక్కొక్కటి ఒక్కొక్క వైపునకు చెందినది. ఆ రంధ్రమును టేపు రికార్డరులోని చిన్న మీట తడిమి, రికార్డు బొత్తామును దిగనీయదు. తరువాత టేపు రికార్డరు తలను స్పిరిటులో ముంచిన దూదితో తుడిచి ఆరనిచ్చి, టేపును ఒకసారి చివర వరకు త్రిప్పి వెనుకకు తేవలెను. అతుకుకొని యున్న చుట్లు విడును. పాత టేపు పూత రాలుచుండును గనుక వినుటకే వేరుగ నడుపక, మొదటి సారి నడుపునపుడే కంప్యూటరునకు కలిపి పట్టవలెను. పట్టిన ధ్వనిని రెండు చోట్ల దాచవలెను.

మా తరగతిలో ఇంతవరకు పదకొండు కేసెట్టులు వచ్చినవి. ఒకదానిలో వరి నాట్ల పాట, పాట మధ్య ఎవరో బిడ్డను కసురుట స్పష్టముగ వినబడినవి. మా నాయనగారు అది విని, ఆ గొంతు ఏ వీధిదో చెప్పగలిగిరి.