సర్వర్ ఆగినా సందేశం పోకూడదంటే

ఆన్‌లైన్‌లో రైలు టికెట్ కొన్నామనుకుందాం. డబ్బు చెల్లించగానే సీటు ఖరారు కావాలి, ఎస్సెమ్మెస్ రావాలి, లెక్కల్లో జమ పడాలి. పెద్ద వ్యవస్థల్లో ఈ పనులన్నీ సాధారణంగా ఒకే ప్రోగ్రామ్ చేయదు. చెల్లింపు చూసే ప్రోగ్రామ్ ‘ఫలానా టికెట్‌కు డబ్బు అందింది’ అని ఒక సందేశం రాసి పెడుతుంది. మిగతా ప్రోగ్రాములు ఆ సందేశాన్ని అందుకుని ఎవరి పని వారు చేస్తాయి. ఇలా సందేశాలు వరుసలో వేచి ఉండే చోటును మెసేజ్ క్యూ అంటారు. సంక్రాంతి రద్దీలో వేల టికెట్లు ఒక్కసారిగా వచ్చిపడినా, ఎస్సెమ్మెస్ పంపే ప్రోగ్రామ్ కాసేపు పనిచేయకపోయినా ఇబ్బంది లేకుండా చూసేది ఈ వరుసే.

మరి ఆ వరుసను దాచిన కంప్యూటరే ఆగిపోతే? ఖాతాలో డబ్బు తగ్గుతుంది, టికెట్ మాత్రం రాదు.

ఒక్కదాన్నే నమ్ముకోకుండా కొన్ని కంప్యూటర్లను కలిపి క్లస్టర్‌గా కట్టడం దీనికి తొలి జవాబు. ఇక్కడే చాలామంది పొరబడతారు. బాగా వాడుకలో ఉన్న రాబిట్‌ఎంక్యూనే చూద్దాం. ఇది 2007లో వచ్చింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం ఎరిక్సన్ సంస్థలో పుట్టిన ఎర్లాంగ్ భాషలో రాశారు. మూడు కంప్యూటర్ల మీద దీని క్లస్టర్ కట్టినా, క్లాసిక్ అనే మామూలు రకం క్యూలోని సందేశాలు ఒకే ఒక్క కంప్యూటర్లో ఉంటాయి. ఆ క్యూ ఎక్కడుందో మిగతా రెండింటికీ తెలుసు, అంతే. ఆ ఒక్కటి ఆగిందంటే క్యూ అందుబాటులో ఉండదు. దాని డిస్కు పాడైతే సందేశాలూ పోతాయి.

అంటే నకళ్లు కావాలి. ఎన్ని? రెండు చాలవా అనిపిస్తుంది. రెండు కంప్యూటర్లూ బాగానే ఉండి, వాటి మధ్య నెట్‌వర్క్ మాత్రమే తెగిందనుకోండి. అవతలిది చనిపోయిందో, కేవలం మాట అందడం లేదో తెలుసుకునే మార్గం ఏ ఒక్కదానికీ లేదు. రెండూ ‘ఇక నేనే పెద్దను’ అనుకుని పని సాగిస్తే, ఒకే క్యూకు రెండు వేర్వేరు చరిత్రలు తయారవుతాయి. నిజానికి కంప్యూటర్ చనిపోవడం కంటే ఈ చీలికే ప్రమాదకరం. చనిపోయిన సంగతి వెంటనే బయటపడుతుంది. చీలిక మాత్రం నెట్‌వర్క్ మళ్లీ కలిసి, లెక్కలు సరిపోలనప్పుడు గానీ తెలియదు.

దీనికి విరుగుడు మనకు తెలిసిన మాటే, కోరం. లోక్‌సభలో పదో వంతు సభ్యులుంటే కోరం సరిపోతుంది గానీ, ఇక్కడ సగం కంటే ఎక్కువ కావాలి. మూడు కంప్యూటర్లలో రెండు, ఐదింటిలో మూడు. చీలిక వచ్చినా మెజారిటీ ఒకవైపే ఉండగలదు. తక్కువ ఉన్న పక్షం పని ఆపేస్తుంది. తప్పు జవాబు చెప్పడం కంటే చెప్పకుండా ఊరుకోవడమే మేలని ఇక్కడి లెక్క. నాలుగు కంప్యూటర్లకు మెజారిటీ మూడు కాబట్టి, మూడింటిలాగే ఒక్క నష్టాన్నే తట్టుకుంటాయి. నాలుగోదానికి పెట్టిన ఖర్చుతో ఆ భద్రత పెరగదు.

ఈ ఆలోచనను ఆచరణకు తెచ్చే పద్ధతుల్లో రాఫ్ట్ ఒకటి. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన డియెగో ఒంగారో, జాన్ ఔస్టర్‌హౌట్ దీన్ని 2014లో ప్రచురించారు. అంతకుముందే లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన పాక్సోస్ ఉన్నా, దాన్ని అర్థం చేసుకోవడం కష్టమని పేరు. సులువుగా అర్థం కావడమే లక్ష్యంగా పెట్టుకుని పుట్టిన పద్ధతి రాఫ్ట్. ఇందులో ఒక కంప్యూటర్ నాయకుడు. సందేశం ముందు దానికే చేరుతుంది, అది మిగతావాటికి నకలు పంపుతుంది. మెజారిటీ రాసుకున్నాకే ‘అందింది’ అని పంపినవారికి చెబుతుంది. నాయకుడి అలికిడి కాసేపు లేకపోతే మిగిలినవి ఎన్నిక పెట్టుకుంటాయి. తన దగ్గరున్న చిట్టా కంటే వెనకబడిన చిట్టా ఉన్న అభ్యర్థికి ఏ కంప్యూటరూ ఓటేయదు. ఏ రెండు మెజారిటీలు తీసుకున్నా కనీసం ఒక కంప్యూటర్ రెండింటిలోనూ ఉంటుంది కదా! అందుకే ‘అందింది’ అని ఒకసారి చెప్పిన సందేశం లేని కంప్యూటర్ నాయకుడు కాలేదు. పాత నాయకుడు తిరిగొచ్చినా, ఎన్నిక సంఖ్య పెరిగిందని చూసి తప్పుకుంటుంది.

రాబిట్‌ఎంక్యూలో రాఫ్ట్ ఆధారంగా నడిచే కోరం క్యూలు 2019లో 3.8 వెర్షన్‌తో వచ్చాయి. అంతకుముందు ‘మిర్రర్డ్’ క్యూలు ఉండేవి. వాటిలో పడిలేచిన కంప్యూటర్ తన పాత నకలును పారేసి మొదటి నుంచీ ఎక్కించుకోవాల్సి వచ్చేది, అలా ఎక్కించుకునేంతసేపూ క్యూ స్తంభించేది. 2024లో 4.0తో వాటిని పూర్తిగా తీసేశారు.

క్యూ ఎంత గట్టిదైనా, పంపే ప్రోగ్రామ్ ‘అందింది’ అనే మాట కోసం ఆగకపోతే ఫలితం లేదు. తీసుకునే వైపు మరో చిక్కుంది. పని పూర్తిచేసి, ‘అయింది’ అని చెప్పేలోగా ఆ ప్రోగ్రామ్ ఆగిపోతే, క్యూ అదే సందేశాన్ని మళ్లీ ఇస్తుంది. ఎస్సెమ్మెస్ రెండుసార్లు వస్తే విసుగు, డబ్బు రెండుసార్లు పోతే గొడవ. అందుకే ప్రతి సందేశానికీ ఒక ప్రత్యేక సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్య పని ఇప్పటికే అయిందేమో చూసుకోవాలి. యూపీఐ చెల్లింపు రసీదులో కనిపించే రిఫరెన్స్ సంఖ్య లాంటిదే ఇదీ.

ఇక ఈ మూడింటినీ ఎక్కడ పెట్టాలి? ఒకే గదిలో, ఒకే కరెంటు లైనుపై పెడితే మూడూ కలిసే ఆగుతాయి. ముంబయిలో రెండు, హైదరాబాద్‌లో ఒకటి పెడితే, ముంబయి కేంద్రం ఆగినప్పుడు హైదరాబాద్‌లోని ఒక్కదానికి మెజారిటీ ఉండదు. పైగా రెండు నగరాల మధ్య దూరం 600 కిలోమీటర్లకు పైనే. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, రానుపోను కనీసం 6 మిల్లీసెకన్లు. హైదరాబాద్‌లోని నకలు జవాబు కోసం ఆగాల్సి వచ్చిన ప్రతిసారీ ఈ ఆలస్యం తప్పదు. అమెజాన్ 2022 నవంబరులో ప్రారంభించిన హైదరాబాద్ క్లౌడ్ ప్రాంతంలో మూడు వేర్వేరు జోన్లున్నాయి. కరెంటు, నెట్‌వర్క్ దేనికదే ఉండేలా, దూరం మాత్రం మరీ ఎక్కువ కాకుండా వీటిని కడతారు. జోన్‌కు ఒక కంప్యూటర్ చొప్పున పెట్టుకోవచ్చు.

అయినా మూడింటిలో ఒకదాన్ని సాఫ్ట్‌వేర్ మార్చడానికి మనమే ఆపామనుకోండి. ఆ కాసేపట్లో ఇంకొకటి దానంతటదే ఆగితే క్యూ నిలిచిపోతుంది. అలా కాసేపు నిలవడం కూడా కుదరని చోట ఐదు పెట్టుకుంటారు.