మన డబ్బు, మన లెక్క

పిల్లలూ! విజయవాడ నుంచి హైదరాబాదు పోయే పెద్దరోడ్డు మీద జగ్గయ్యపేట దాటిన తరవాత మా గరికపాడు వస్తుంది. ఒకప్పుడు ఇది కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతం. 2022 నుంచి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. ఊరి దగ్గర పాలేరు అనే ఏరు ఉన్నది. మామూలు రోజులలో అది బహు సాధువైన ఏరు. కాని 2024 సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరదకు పెద్దరోడ్డు మీది వంతెన దెబ్బతిన్నది. బస్సులూ, లారీలూ ఎక్కడివక్కడ ఆగిపోయినవి.

ఆ రోజులలో మా మనమడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు.

"తాతయ్యా, వంతెన బాగుచెయ్యటానికి డబ్బెవరిస్తారు?"

"గవర్నమెంటు ఇస్తుంది."

"మరి గవర్నమెంటుకు ఎవరిస్తారు?"

"నువ్వే!" అన్నాను. వాడు గాభరాగా జేబు తడుముకున్నాడు.

మీరు కూడా జేబులు తడుముకోకండి. సంగతి ఏమంటే, మీ అమ్మ దుకాణంలో సబ్బు కొన్నా, మీరు బిస్కెట్ల పొట్లం కొన్నా, మీ నాన్న బండిలో పెట్రోలు పోయించినా, ఆ ధరలో కొంత పన్ను ఉంటుంది. పన్ను కట్టేవారు షావుకార్లే అనుకోవటం పొరపాటు. కూలికి పోయే మనిషి కూడా కడుతున్నాడు. కనుక ఖజానాలో ఉన్న డబ్బు మంత్రులదీ కాదు, ఆఫీసర్లదీ కాదు. అది మన అందరిదీ. మన డబ్బు ఒకరి చేతికి ఇచ్చినప్పుడు లెక్క అడగటం మర్యాద తప్పటం కాదు.

ఈ మాట నాకు నేర్పినది ఒక ఏడవ తరగతి పిల్ల. పాతికేళ్ళ క్రిందట నేనొక బడిలో హెడ్మాస్టరుగా ఉన్నాను. ఆ ఏడు ఆటసామాను కొనటానికి పిల్లలందరి దగ్గరా తలా ఐదు రూపాయలు పోగుచేశాము. ఒకనాడు ప్రార్థన అయిన తరవాత, "ఎవరికైనా సందేహాలుంటే అడగండి" అన్నాను. అది నేను రోజూ అలవాటుగా అనే మాట. ఎవరూ ఏమీ అడిగేవారు కారు. ఆనాడు మాత్రం ఆ పిల్ల చెయ్యెత్తి, "మాస్టారూ, మా డబ్బుతో ఏమేం కొన్నారండీ?" అన్నది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చినది. "తరగతికి పో!" అన్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకో తెలుసునా? నేను ఒక్క పైసా తినలేదు, కాని నా దగ్గర లెక్క లేదు. కొన్ని రశీదులు పోయినవి. కొన్ని ఖర్చులు రాయనే లేదు. మరునాడు కూర్చుని లెక్క చూస్తే 38 రూపాయలు తేలలేదు. ఆ డబ్బు నా జేబులో నుంచి వేసి, లెక్కంతా నల్లబల్ల మీద రాశాను. పిల్లలందరి ముందూ ఆ పిల్లతోనే దానిని చదివించాను. రిటైరయిందాకా నెలనెలా అట్లా లెక్క రాయటం మానలేదు. దొంగతనం చెయ్యనివాడికి కూడా లెక్క అడిగేవాడు ఉండాలి. లేకపోతే అజాగ్రత్త వస్తుంది. అజాగ్రత్త వెనకనే దొంగతనం వస్తుంది.

ఇప్పుడు పెద్ద లెక్కల సంగతి చూద్దాము. అవినీతి ముఖ్యంగా రెండు రకాలుగా జరుగుతుంది. ఒకటి లంచం. ఇది ఇచ్చినవాడికైనా తెలుస్తుంది. రెండవది దొంగలెక్క. ఇది కాగితం మీద జరుగుతుంది. ఆ కాగితం బీరువాలో ఉంటుంది. బీరువాకు తాళం ఉంటుంది. నష్టపోయినవాడికి తాను నష్టపోయినట్టే తెలియదు. కనుక దొంగలెక్కను పట్టుకోవాలంటే ముందుగా ఆ కాగితం బయటికి రావాలి.

ఈ ఉపాయాన్ని మన దేశంలో గట్టిగా పట్టుకున్నవారు రాజస్థాన్ పల్లెల కూలివారు. అరుణా రాయ్ అనే ఆమె పెద్ద సర్కారు ఉద్యోగం వదులుకుని వారితో కలిసి పనిచేసినది. 1994 డిసెంబరులో కోట్ కిరానా అనే పల్లెలో వారు ఒక సభ జరిపారు. సర్కారు పనుల లెక్కలను ఊరివారి ఎదుట పైకి చదివారు. అటువంటి సభలలో చిత్రాలు బయటపడ్డవి. పనికి రానివారి పేర్ల మీద కూలి రాసి ఉన్నది. కట్టని గోడలకు బిల్లులున్నవి. "మా డబ్బు, మా లెక్క" అన్నది వారి నినాదం. 1996లో బ్యావర్ పట్టణంలో 40 రోజులపాటు ధర్నా చేశారు. వారు అడిగినది బియ్యమూ కాదు, బట్టలూ కాదు. లెక్కల కాగితాలు చూసే హక్కు! అటువంటి పోరాటాల ఫలితంగానే 2005లో పార్లమెంటు సమాచార హక్కు చట్టం చేసినది.

ఆ విద్య మన తెలుగుదేశానికి ఎట్లా వచ్చినదో వినండి. పల్లెలలో పని అడిగిన ప్రతి కుటుంబానికీ ఏడాదికి 100 రోజుల పని ఇవ్వాలని 2005లో ఉపాధి హామీ చట్టం వచ్చినది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకాన్ని అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్‌గారు ప్రారంభించినది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. పథకం లెక్కలను గ్రామసభే తనిఖీ చేయాలని ఆ చట్టంలోనే ఉన్నది. అదే సామాజిక తనిఖీ. ఆ ఏడే అనంతపురం జిల్లాలో దానిని పెద్ద ఎత్తున జరిపారు. తరవాత రాష్ట్రమంతటా జరిగినది. ఇంత విస్తారంగా ప్రభుత్వమే పూనుకుని జరిపించటంలో మన రాష్ట్రం దేశానికి దారి చూపినది.

ఈ తనిఖీకి పెద్ద పెద్ద ఆడిటర్లు రాలేదు. కూలివారి కుటుంబాలలో చదువుకున్న యువతీయువకులకే శిక్షణ ఇచ్చారు. వారు ఇల్లిల్లూ తిరిగారు. ఎవరు ఎన్నిరోజులు పని చేశారో రాసే పట్టీని మస్టరు అంటారు. మస్టరులో ఒకామె పేరున 12 రోజులున్నవనుకోండి. "ఎన్ని రోజులు పోయావమ్మా?" అని ఆమెనే అడుగుతారు. ఆమె జాబ్ కార్డు చూస్తారు. అందులో 6 రోజులే ఉంటే, మిగతా 6 రోజుల కూలి ఎవరి జేబులోకి పోయినట్టు?

తరవాత టేపు పట్టుకుని పని జరిగిన చోటికి పోతారు. ఒక కుంట తవ్వారనుకుందాము. పుస్తకంలో పొడుగు 20 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు, లోతు 2 మీటర్లు అని ఉన్నది. మీకు వచ్చిన లెక్కే. 20ని 10తోనూ, దానిని 2తోనూ హెచ్చవేస్తే 400 ఘనపు మీటర్లు. కొలిచి చూస్తే లోతు మీటరున్నరే ఉన్నది. అంటే తవ్విన మట్టి 300 ఘనపు మీటర్లే. ఎవరూ తవ్వని 100 ఘనపు మీటర్ల మట్టికి డబ్బు ఖర్చయినది! "మాస్టారూ, ఈ ఘనపరిమాణం ఎందుకు పనికి వస్తుంది?" అని అడిగే పిల్లలకు ఇదే నా జవాబు.

తేలిన సంగతులన్నీ గ్రామసభలో చదువుతారు. ఆ పైన మండల కేంద్రంలో ప్రజావేదిక జరుగుతుంది. ఒకప్రక్క ఆఫీసర్లు, మరొకప్రక్క కూలివారు. ఆరోపణ వచ్చినవారికి కూడా జవాబు చెప్పుకునే అవకాశం ఇస్తారు. కొన్ని చోట్ల తిన్నవారు అందరి ఎదుటా డబ్బు తిరిగి కట్టారు. కొందరి ఉద్యోగాలు పోయినవి. 2009లో ఈ పనికోసం ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడినది. 2012లో రాష్ట్రం ఒక చట్టం కూడా చేసినది.

అయితే కథ అంతటితో సుఖంగా ముగిసిందని చెబితే నేను మీకు దొంగలెక్క చెప్పినట్టే. తప్పులు బయటపడినంతగా డబ్బు వసూలు కాలేదు. దొంగను చూపించటం ఒక పని, శిక్షించటం మరొక పని. మొదటి పని ఊరివారు చేశారు. రెండవది పైవారు చెయ్యాలి. వారు చెయ్యకపోతే, ఎందుకు చెయ్యలేదని అడిగే పని మళ్ళీ మనదే.

పైవారిని కూడా అడగవచ్చునా? అడగవచ్చును. 1964లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. అప్పుడు మన ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డిగారు. కర్నూలు జిల్లాలో ప్రైవేటు బస్సుల రూట్లను ప్రభుత్వం తీసుకోబోయినది. తమ మీద రాజకీయ కక్షతోనే ముఖ్యమంత్రి ఇట్లా చేయించారని బస్సుల యజమానులు కోర్టుకు ఎక్కారు. ఇది లంచం కేసు కాదు. అధికారాన్ని సరిగా వాడారా లేదా అన్నదే ప్రశ్న. వారు ప్రమాణం చేసి ఆరోపణ చేస్తే, ముఖ్యమంత్రి తానుగా ప్రమాణం చేసి కాదనలేదనీ, కనుక దానిని తోసివేయలేమనీ సుప్రీంకోర్టు అన్నది. సంజీవరెడ్డిగారు పదవికి రాజీనామా ఇచ్చారు. అంతటితో ఆయన గౌరవం పోలేదు. 1977లో రాష్ట్రపతి అయినారు. కోర్టు మాటకు తల వంచి కుర్చీ దిగినవాడు చిన్నవాడు కాడు.

ఇక మనబోటివారు ఏం చెయ్యాలి? సమాచార హక్కు చట్టం క్రింద ఒక తెల్లకాగితం మీద ప్రశ్న రాసి ఇవ్వవచ్చును. ఆంధ్రప్రదేశ్ నియమాల ప్రకారం గ్రామస్థాయి ఆఫీసులో రుసుము లేదు. మండలంలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. సాధారణంగా 30 రోజులలో జవాబు రావాలి. ఈ హక్కుకు వయసు అడ్డం కాదు. 2012లో లక్నోలో ఒక పదేళ్ళ బాలిక, గాంధీగారికి జాతిపిత అనే బిరుదు ఇచ్చిన ఉత్తర్వు ఏదని ఢిల్లీకి ప్రశ్న రాసినది. ఆఫీసులన్నీ వెదికి, అటువంటి కాగితం లేదని జవాబు పంపారు!

కాని ఒక్క మాట గుర్తుంచుకోండి. అడగటం వేరు, నిందించటం వేరు. కాగితం చూడకుండా ఫలానావాడు దొంగ అనటం కూడా ఒక దొంగలెక్కే. ముందు చూడాలి, కొలవాలి, అడగాలి. జవాబు వినాలి. ఆ తరవాతనే మాట అనాలి.

ఈసారి మీ ఊళ్ళో గ్రామసభ జరిగినప్పుడు మీ అమ్మానాన్నలతో వెళ్ళి ఒక మూల కూర్చోండి. అక్కడ ఏ ఖర్చులు చదివారో నోటుబుక్కులో రాసుకోండి. మీ తరగతిలో ఏదైనా చందా పోగుచేస్తే, ఎవరూ అడగకముందే లెక్క గోడకు అంటించండి. అడిగించుకోకుండా లెక్క చెప్పేవాడే రేపు మంచి సర్పంచి, మంచి మంత్రి అవుతాడు.

మా మనమడు ఇప్పుడు జేబు తడుముకోవటం మానివేశాడు. పాలేటి వంతెన మీదుగా పోయినప్పుడల్లా, "తాతయ్యా, దీని లెక్క ఎక్కడ చూడాలి?" అని అడుగుతున్నాడు. వాడికోసం ఒక తెల్లకాగితం తీసి పెట్టాను.