లేబులు మీద నూలు నెంబరు

చీరల లేబుళ్లను ఇప్పుడు చాలచోట్ల కంప్యూటరే అచ్చు వేస్తున్నది. నూలు నెంబరు, పొడవు, వెడల్పు ఒక పట్టికలో వ్రాసి ఉంచి, సరుకు కోడు చెప్పినంతనే ఆ విలువలను తెచ్చి లేబులులో నింపమని ఆదేశాలు వ్రాసుకోవచ్చును. వీటినే స్క్రిప్టు అంటారు. టైపు శ్రమ తప్పుతుంది. మేము చూచినంతలో చిక్కంతా పట్టిక దగ్గరనే ఉన్నది.

పౌను బరువుకు 840 గజాల చిలపలు 80 తూగితే అది 80 నెంబరు నూలు. రెండు పోగులు కలిపి పేనితే 2/80. ఇది మన ఇండ్లలో పిల్లలకు కూడ తెలుసు గాని ఎక్సెల్‌కు తెలియదు. 2/80 అని కొట్టగానే 1980 ఫిబ్రవరి అనుకొని, లోపల 29252 అని దాచుకొంటుంది. 1900 మొదలు లెక్కించిన రోజుల సంఖ్య అది. స్క్రిప్టు దానినే తెచ్చినచో లేబులు మీద నూలు నెంబరు 29252! కొన్న షావుకారు నవ్వి ఊరుకోడు, సరుకు వాపసు పంపుతాడు.

కనుక విలువలు వ్రాయకముందే ఆ నిలువు వరుసను 'టెక్స్ట్'గా మార్చవలెను. తరువాత మార్చితే పోయిన 2/80 తిరిగి రాదు. 007 వంటి కోడులో ముందు సున్నలు కూడ ఇట్లే మాయమవుతాయి.

ఇంకొకటి. కోడు దొరకనప్పుడు స్క్రిప్టు అచ్చు ఆపివేయవలెను. క్రిందటి చీర విలువనే మోసుకొని వచ్చినచో మరీ ప్రమాదము. చూచుటకు సరిగానే ఉంటుంది గనుక ఎవరూ పట్టుకోలేరు.