సరిహద్దు అవతలి పాట

రాజధానిలో ఉద్యోగం చేసే మా బోటి విలేఖరులకు పాకిస్తాన్ అంటే విదేశాంగ శాఖ ప్రకటన; సియాచిన్, కాశ్మీరు, వీసాల పేచీ. ఆ దేశపు పడుచువాళ్ళు ఏం పాడుకుంటారో విచారించాలని నాకెన్నడూ తోచలేదు. ఆ లోటు తీర్చినవాడు మా పొరుగున ఉండిన ఒక పంజాబీ పెద్దమనిషి. 1947లో రావల్పిండి విడిచి కట్టుబట్టలతో ఢిల్లీ చేరిన కుటుంబం వారిది.

1980 దశకం చివరలో ఇక్కడ వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణాలలో పాకిస్తాన్ టెలివిజన్ నాటకాలకు మంచి గిరాకీ ఉండేది. ఒకనాటి రాత్రి వారింట్లో 'ధూప్ కినారే' చూస్తూ ఉండగా, రికార్డు చేసినవాడి అశ్రద్ధ వల్ల కాబోలు, రెండు భాగాల నడుమ ఒక పాట వచ్చింది. జీన్స్ తొడిగిన నలుగురు కుర్రవాళ్ళు నవ్వుతూ తమ దేశాన్ని కీర్తిస్తున్నారు. ముగించి ముందుకు తిప్పబోయిన కొడుకును పెద్దాయన వారించాడు. "ఉండనీ బేటా, వాళ్ళు మా పిండీ పిల్లలట" అన్నాడు. ఆ పాటలో ఉన్నది తాను పోగొట్టుకొన్న ఊరిని తనది కాకుండా చేసిన దేశపు స్తోత్రం. ఆయన దాన్ని రెండుసార్లు విన్నాడు.

ఆ పాట 'దిల్ దిల్ పాకిస్తాన్'. ఆ బృందం 'వైటల్ సైన్స్'. 1986లో రావల్పిండి, ఇస్లామాబాద్ జంటనగరాలలో పుట్టింది. కీబోర్డు మీద రొహైల్ హయాత్, బాస్ గిటారు మీద షెహజాద్ హసన్, గిటారుకు నుస్రత్ హుసేన్, గాత్రానికి లాహోర్ ఇంజనీరింగు విద్యార్థి జునైద్ జంషేద్. నలుగురిలో డ్రమ్ములు వాయించే మనిషి లేడు. పంక్ సంగీతపు రణగొణ సద్దుమణిగాక బ్రిటన్‌లో 'న్యూ వేవ్' పేరిట వచ్చిన ధోరణి ఛాయలు వీరి బాణీలలో కనిపిస్తాయి: సింథసైజరు మెరుగు, యంత్రం వేసే తాళం, కొట్టినట్టు సాగే పొట్టి పాట. ఆ విదేశీ చట్రంలో ఉర్దూ మాటను ఎక్కడా బెసగనివ్వకుండా కూర్చడమే వారి నేర్పు. గాయకుడి గొంతులో శాస్త్రీయపు తర్ఫీదు జాడ లేదు. ఉన్నది నిష్కపటమైన మార్దవం. పక్కింటి అబ్బాయి మేడమీద పాడుకొంటున్నట్లు ఉంటుంది. ఆ నాటి శ్రోతలకు కావలసింది అదేనని నా నమ్మకం.

కాని ఆ రోజులను గుర్తుంచుకోవాలి. 1977 జులైలో అధికారం చేజిక్కించుకొన్న జనరల్ జియా ఉల్ హక్ పాలన అది. టెలివిజన్‌లో వార్తలు చదివే స్త్రీలు తలమీద దుపట్టా కప్పుకోవలసిన కాలం. పాశ్చాత్య సంగీతం ఏలినవారికి గిట్టదు. అంతకు ముందే నాజియా హసన్ 1980లో మన 'కుర్బానీ' చిత్రంలో పాడి, మరుసటి ఏడు 'డిస్కో దీవానే' రికార్డుతో రెండు దేశాలనూ ఊపివేసింది గాని, ఆమె రికార్డింగులు జరిగింది లండన్‌లో. స్వదేశంలో గిటారు పట్టిన కుర్రవాడు తెర మీదికి రావడమెలా? టెలివిజన్ దర్శకుడు షోయబ్ మన్సూర్ కనిపెట్టిన ఉపాయం దేశభక్తి. స్వాతంత్ర్య దినోత్సవ గీతాన్ని కాదనే సాహసం ఏ అధికారికి ఉంటుంది? 1987 ఆగస్టులో ఆ పాట ప్రసారమైంది. మన దగ్గర 1952 తర్వాత కేస్కర్ గారు ఆకాశవాణి నుంచి సినిమా పాటలను వెలివేస్తే శ్రోతలంతా రేడియో సిలోన్‌ను ఆశ్రయించిన సంగతి పాఠకులకు తెలుసు. నిషేధాలు విధించేవారికి చెవుల సంగతి అంతుపట్టదు.

మరుసటి ఆగస్టులో జియా విమాన ప్రమాదంలో మరణించాడు. బేనజీర్ ప్రభుత్వం వచ్చింది. 1989లో 'మ్యూజిక్ 89' అనే టెలివిజన్ కార్యక్రమానికి నాజియా, ఆమె సోదరుడు జోహెబ్ వ్యాఖ్యాతలయ్యారు. మతఛాందసులు మండిపడ్డారు. వైటల్ సైన్స్ తొలి ఆల్బమ్ ఆ సంవత్సరమే వెలువడింది. అప్పటికి నుస్రత్ స్థానంలోకి వచ్చిన సల్మాన్ అహ్మద్ త్వరలోనే బయటికి నడిచి 'జునూన్' స్థాపించాడు. ఆ జునూనే 1998లో భారతదేశంలో కచేరీలు చేసి, పోఖ్రాన్, చాగై అణు పరీక్షలను విమర్శించి, స్వదేశపు ప్రభుత్వ ప్రసారాలలో నిషేధానికి గురయింది. రొహైల్ 2008లో పాకిస్తాన్ 'కోక్ స్టూడియో'కు శ్రీకారం చుట్టాడు. తరువాతి కాలంలో ఢిల్లీ విశ్వవిద్యాలయపు పిల్లలు దానికి ఎంత దాసులైపోయారో కళ్ళారా చూశాను.

జునైద్ దారి వేరు. కొన్ని ఆల్బమ్‌ల తర్వాత బృందం చెదిరిపోయింది. ఆయన కొత్త శతాబ్ది తొలి ఏళ్ళలో గడ్డం పెంచి, సంగీతాన్ని పూర్తిగా విడిచి, మత ప్రబోధకుడయ్యాడు. వాద్యం లేని భక్తి గీతాలు మాత్రం పాడేవాడు. పాత అభిమానులు కొందరు దీన్ని ద్రోహమన్నారు. నాకు అంత తొందరపాటు తీర్పు రుచించదు. అయినా ఆ గొంతుకు వాద్యాలు దూరం కావడం నష్టమే. 2016 డిసెంబరు 7న చిత్రాల్ నుంచి ఇస్లామాబాద్ వస్తున్న విమానం హవేలియాన్ దగ్గర కూలి 47 మంది మరణించారు. వారిలో జునైద్, ఆయన భార్య ఉన్నారు.

2002లో బీబీసీ ప్రపంచ శ్రోతల ఓటుతో అభిమాన గీతాలను ఎంపిక చేసింది. ఒక ఐరిష్ పాట మొదటిది. రెండవది మన 'వందేమాతరం', మూడవది 'దిల్ దిల్ పాకిస్తాన్'. అప్పటికి పార్లమెంటు మీద దాడి జరిగి ఏడాది. సరిహద్దులో ఆ ఏడాది చాలాకాలం సైన్యాలు ఎదురెదురుగా మోహరించి ఉండినవి. ఈ వార్త చెబుదామని పొరుగింటికి వెళితే, పెద్దాయన గతించి అప్పటికి రెండేళ్ళు దాటిందన్న మాట గుమ్మం దగ్గర గాని నాకు గుర్తు రాలేదు. కొడుకు లోపలికి పిలిచి టీ ఇచ్చాడు. పాత క్యాసెట్ అలమరలోనే ఉన్నదట. ఆడించే యంత్రమే చెడిపోయింది.