పంట ముగిసిన పిదప బిందుసేద్యపు గొట్టములు



పంట యింటికి చేరిన పిదప డ్రిప్పు గొట్టములను తలచువారు అరుదు. వానిని గట్టుమీద గుట్టగా పడవైచి మరచుటయే వాడుక. ఆ మరపునకు దండుగ మరుసటి పంట చెల్లించును. ఒక గ్రామమున మిరపతోటలో సాలు మొదట మొక్కలు పచ్చగాను, కొనయందు వాడియు నుండగా చూచితిని. రైతు నారును నిందించుచుండెను. గొట్టపు కొనను కోసి చూపగా లోపల తెల్లని పెచ్చు కనబడెను.

శీతల దేశములలో గొట్టమున నిలిచిన నీరు గడ్డకట్టి, ఇంచుమించు పదకొండవ వంతు పెరిగి, గొట్టమును పగులగొట్టును. కావున అచ్చటివారు చలికాలమునకు ముందే నీటిని వెడలింతురు. మన పొలములలో నీరు ఆవిరియై పోవును గాని, దానిలోని సున్నము, మట్టి, పాచి మిగిలిపోవును. నీరు కాచు బిందెలో పెచ్చు కట్టుట మన యింటి స్త్రీలు ఎరిగినదే. సన్నని రంధ్రము మూసికొనుటకు ఆ పెచ్చు కొంచెము చాలును.

మొదటి దినమున ఇసుక ఫిల్టరును ఎదురునీటితో కడిగి, జాలీని తోమవలెను. పిదప సబ్‌మెయిన్ కొనను తెరచి, తేటనీరు వచ్చువరకు వదలవలెను. డ్రిప్పు గొట్టముల కొనలను నాలుగైదు చొప్పున మాత్రమే తెరువుడు. అన్నియు నొక్కసారి తెరచినచో నీటికి వేగము చాలక మురికి కదలదు.

రెండవ దినమున హైడ్రోక్లోరిక్ ఆమ్లము నెక్కింపవలెను. మోతాదు నీటినిబట్టి మారును. ముందుగా పది లీటర్ల నీటిలో కొంచెము కొంచెముగా కలిపి, పీహెచ్ కాగితము 4 చూపుటకు ఎంత పట్టునో కొలుచుకొనుడు. వెంచురీ ద్వారా ఎక్కించి, చివరి బొట్టు 4 చూపినంతనే మోటారు నాపి, 24 గంటల తరువాత కడుగుడు. ఆమ్లమును నీటిలో పోయవలెను గాని నీటిని ఆమ్లములో పోయరాదు. చేతులకు రబ్బరు తొడుగులు, కన్నులకు అద్దములు ధరింపుడు. పాచికి బ్లీచింగు పొడి వాడదలచినచో, ఆమ్లమును పూర్తిగా కడిగిన పిదప వేరొక దినమున వాడుడు. ఈ రెండును కలిసిన విషవాయువు పుట్టి ప్రాణము తీయును.

తరువాత నీటిని వెడలించి, కొనలకు మూతలు బిగించి, గొట్టములను వెడల్పు చుట్టలుగా చుట్టుడు. మడతపెట్టినచో ఆచోట విరుగును. ఎలుకలకు అందకుండ నీడయందు దూలమునకు వ్రేలాడగట్టుడు.

మరల పరచునపుడు కొనలు తెరచియుంచి మొదటి నీటిని వదలిన పిమ్మటనే మూతలు బిగింపుడు. గంటకు 4 లీటర్లిచ్చు డ్రిప్పరు 3 నిమిషములలో 200 మిల్లీలీటర్లు ఇయ్యవలెను. సాలు మొదటను, నడుమను, కొనను గ్లాసు నుంచి కొలువుడు. కొరత యున్నచో నాటుటకు ముందే సరిచేయుడు.

ఈ పనికి మేస్త్రీ అక్కరలేదు. అయిదుగురు రైతులు కూడి పీహెచ్ కాగితములు కొని, ఒకరి పొలమున నొకరు వంతులవారీగా చేసికొన్నచో ఖర్చు స్వల్పము, పంట పదిలము.