నెలసరి నొప్పి – ఎండోమెట్రియోసిస్: అవగాహన, అభివ్యక్తి

వ్యాససంగ్రహం:

నెలసరిలో కలిగే తీవ్రమైన నొప్పిని సహజమని సరిపెట్టుకోవడం మన సమాజంలో తరతరాలుగా వస్తున్న అలవాటు. ఆ నొప్పి వెనుక ఎండోమెట్రియోసిస్ అనే దీర్ఘకాలిక వ్యాధి ఉండవచ్చుననే ఎరుక చాలా ఇళ్లకు ఇంకా చేరలేదు. ఈ వ్యాధి స్వరూపాన్ని, అసాధారణ లక్షణాలను, నిర్ధారణ, చికిత్సా మార్గాలను వివరించడం, నొప్పిని వైద్యులకు తెలియజేయడంలో తెలుగు పదసంపద ఎలా ఉపకరిస్తుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: నెలసరి, ముట్టునొప్పి, ఎండోమెట్రియోసిస్, గర్భసంచి, అభివ్యక్తి, స్త్రీల ఆరోగ్యం.

1. ఉపోద్ఘాతం:

కళాశాలలో పాఠం చెప్పే వారికి సెలవుచీటీలు కొత్త కాదు. కొందరు విద్యార్థినుల చీటీలు ప్రతినెలా ఇంచుమించు ఒకే తేదీల్లో వస్తాయి. వాటిలో కారణం మాత్రం ఎప్పుడూ ఒక్కటే: జ్వరం. పరిశోధక విద్యార్థినిగా ఉన్న రోజుల్లో నేను కూడా జ్వరమనే రాశాను. నెలకు మూడు రోజులు లేవలేక పడి ఉన్న మనిషి జ్వరమని రాయగలదు కానీ, ఉన్న కారణం రాయలేదు. నాకు ఎండోమెట్రియోసిస్ ఉందని తెలిసేసరికి తొలిసారి నొప్పితో స్పృహ తప్పిన నాటి నుంచి పదకొండేళ్లు గడిచాయి. అందులో కొంత ఆలస్యం వైద్యానిది. కొంత మాత్రం మాటది. నొప్పిగా ఉందని చెప్పానే తప్ప ఎక్కడ, ఎప్పుడు, ఎలా అన్నది నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ అనుభవమే.

2. నెలసరికి తెలుగు పేర్లు:

తెలుగులో ఈ శారీరక ధర్మానికి పేర్లు అనేకం. 'ముట్టు' అనే మాట తాకడంతో ముడిపడింది. 'బహిష్టు' వెలుపల అనే అర్థాన్నిచ్చే 'బహిః' శబ్దంతో ముడిపడింది. 'బయటచేరడం', 'దూరంగా ఉండటం', 'కాకి ముట్టడం' అనే వ్యవహారాలు కూడా స్త్రీని ఎక్కడ ఉంచారో, ఎవరిని తాకకూడదో చెబుతాయి. 'నెలసరి', 'ఋతుస్రావం' అనేవి కాలాన్ని సూచిస్తాయి. అంటే ఈ పేర్లలో స్థలం ఉంది, కాలం ఉంది, అంటు ఉంది. ఆ రోజుల్లో ఆమె దేహం అనుభవించేదేమిటో మాత్రం లేదు.

'నెలసరి' అనే మాటలోని 'సరి' క్రమాన్ని ధ్వనింపజేస్తుంది. ఆ క్రమం చెడితే వాడుకలో ఉన్న మాట 'నెల తప్పడం'. దానికి మన వ్యవహారంలో గర్భం ధరించడమనే అర్థం స్థిరపడింది. అందువల్ల వ్యాధి వల్ల క్రమం తప్పిన అవివాహిత ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి కూడా జంకుతుంది.

ప్రాచీన వైద్యగ్రంథాలు ఈ నొప్పిని గుర్తించకపోలేదు. చరకసంహిత చికిత్సాస్థానంలో చెప్పిన ఇరవై యోనివ్యాపత్తులలో 'ఉదావర్తిని' ఒకటి. కష్టంతో స్రావం కావడం, స్రావమైన తరువాత ఉపశమనం కలగడం దాని లక్షణం. దానిని నేటి ఎండోమెట్రియోసిస్‌తో సమీకరించడం సరికాదు. అయితే నెలసరి నొప్పి చికిత్సకు అర్హమైనదన్న దృష్టి మన సంప్రదాయంలోనే ఉన్నదని చెప్పడానికి ఇది చాలు.

3. సహజమైన చక్రం – సహజమైన నొప్పి:

అసాధారణాన్ని గుర్తించాలంటే సాధారణం తెలియాలి. ఒక నెలసరి మొదటి రోజు నుంచి తరువాతి నెలసరి మొదటి రోజు వరకు లెక్కించినప్పుడు 24 నుంచి 38 రోజుల వ్యవధి, 8 రోజులకు మించని స్రావం పెద్దవయసు స్త్రీలలో సాధారణమని అంతర్జాతీయ ప్రసూతి, స్త్రీవ్యాధి వైద్యుల సమాఖ్య పరిగణిస్తుంది. రజస్వల అయిన తొలి సంవత్సరాలలో ఈ వ్యవధి అటూఇటూ కావచ్చు.

గర్భసంచి లోపొర విడివడేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు విడుదలై గర్భసంచి కండరాన్ని ముడుచుకునేలా చేస్తాయి. సాధారణ ముట్టునొప్పికి మూలం ఇదే. ఇది మొదటి ఒకటి రెండు రోజులు ఉండి, వేడికాపడానికో మామూలు నొప్పిమాత్రకో లొంగుతుంది. బడి, కళాశాల, పని మానిపించే నొప్పి, మాత్రకు లొంగని నొప్పి, ఏటికేడు పెరిగే నొప్పి, నెలసరికి ముందే మొదలై తరువాత కూడా విడవని నొప్పి పరీక్షించవలసినవి. 'ఆడపుట్టుక పుట్టాక తప్పదు' అనే ఓదార్పు వీటికి వర్తించదు.

4. ఎండోమెట్రియోసిస్ స్వరూపం:

గ్రీకు మూలం నుంచి వచ్చిన ఈ పేరులో 'ఎండో' అంటే లోపల, 'మెట్రా' అంటే గర్భసంచి. గర్భసంచి లోపలి పొరను పోలిన కణజాలం గర్భసంచికి వెలుపల పెరగడమే ఈ వ్యాధి. అండాశయాలు, అండనాళాలు, కటిప్రాంతాన్ని కప్పి ఉంచే పొర, పేగు, మూత్రాశయం దీనికి ఎక్కువగా లోనవుతాయి. ఈ కణజాలం కూడా హార్మోన్లకు స్పందిస్తుంది. ఫలితంగా చుట్టూ వాపు ఏర్పడుతుంది. కాలక్రమంలో మచ్చలు కట్టి, అవయవాలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. అండాశయంలో పాతరక్తం నిలిచి ముదురుగోధుమరంగు ద్రవంతో ఏర్పడే గడ్డను 'చాక్లెట్ సిస్ట్' అంటారు. మన వాడుకలో 'నీటిబుడగలు' అని పిలిచే పీసీఓఎస్ దీనికి భిన్నమైనది. రెండింటినీ 'అండాశయంలో గడ్డలు' అనే ఒకే మాటతో చెప్పడం వల్ల రోగులు తికమకపడుతున్నారు. గర్భసంచి కండరంలోనే ఈ తరహా కణజాలం చేరితే దానిని అడినోమయోసిస్ అంటారు. రెండూ ఒకే స్త్రీలో ఉండవచ్చు.

ఇందుకు ఏకైక కారణం ఇంకా తేలలేదు. ఋతురక్తంలో కొంతభాగం అండనాళాల ద్వారా వెనుకకు ప్రవహించి ఉదరకుహరంలో నాటుకుంటుందని అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ 1920వ దశకంలో ప్రతిపాదించాడు. కానీ ఇలాంటి వెనుకప్రవాహం ఎక్కువమంది స్త్రీలలో జరుగుతుంది, వ్యాధి మాత్రం కొందరికే వస్తుంది. అందువల్ల వంశపారంపర్యం, రోగనిరోధకశక్తి, హార్మోన్ల పాత్రను కూడా పరిశోధకులు పరిశీలిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సంతానయోగ్య వయసులోని స్త్రీలలో సుమారు 10 శాతం మంది, అంటే ప్రపంచవ్యాప్తంగా దాదాపు 19 కోట్ల మంది, దీనితో జీవిస్తున్నారు. స్త్రీ తిన్న తిండి, చేసిన తప్పు, పాటించని మడి దీనికి కారణాలు కావు.

5. అసాధారణ లక్షణాలు:

పొత్తికడుపు నొప్పి ఒక్కటే దీని లక్షణం కాదు. దాంపత్య కలయికలో నొప్పి, నెలసరిలో మలమూత్ర విసర్జన వేళ నొప్పి, కడుపు ఉబ్బరం, విపరీతమైన అలసట, సంతానం కలగడంలో ఆలస్యం ఇందులో ముఖ్యమైనవి. కొన్ని లక్షణాలు నెలసరితో సంబంధం లేనట్టు కనిపిస్తాయి. ఉదరవితానాన్ని వ్యాధి చేరితే ఆ రోజుల్లో కుడిభుజం నొప్పి రావచ్చు. మూత్రాశయాన్ని చేరితే మూత్రంలో రక్తం కనిపించవచ్చు. సిజేరియన్ కుట్ల మచ్చ వద్ద నెలనెలా ఉబ్బి నొప్పిపెట్టే గడ్డ ఏర్పడవచ్చు. అరుదుగా ఊపిరితిత్తుల పొరను చేరి, నెలసరి సమయంలోనే ఆయాసం, ఛాతీనొప్పి కలిగించవచ్చు.

వీటన్నింటిలో గమనించవలసింది చోటు కంటే వేళ. ఏ లక్షణమైనా నెలసరితో పాటు వచ్చి, నెలసరితో పాటు తగ్గుతూ ఉంటే ఆ సంగతి వైద్యులకు చెప్పాలి. భుజం నొప్పికి ఎముకల వైద్యుని వద్దకు వెళ్లిన స్త్రీ తన నెలసరి తేదీ చెప్పదు. ఆయన అడగడు. కారణం తెలియక ఏళ్లు గడవడానికి ఇదొక దారి. మరొక ముఖ్యాంశం: వ్యాధి వ్యాప్తికి, నొప్పి తీవ్రతకు నేరుగా సంబంధం లేదు. కొద్దిపాటి వ్యాధి ఉన్నవారికి భరించరాని నొప్పి ఉండవచ్చు. బాగా వ్యాపించినవారికి నొప్పే లేకపోవచ్చు.

6. నొప్పిని చెప్పే మాటలు:

ఇంట్లో నాలుగు గోడల మధ్య 'కడుపునొప్పి' అనే ఒక్క మాటతో సరిపోతుంది. వైద్యుని ఎదుట సరిపోదు. తెలుగులో నొప్పికి ఉన్న మాటలు చాలా సూక్ష్మమైనవి. 'మెలిపెట్టడం' అంటే ముడుచుకుంటూ, వదులుతూ వచ్చే నొప్పి. 'పోటు' ఉన్నట్టుండి గుచ్చినట్టు వచ్చేది. 'సలుపు' లోపల తెరిపి లేకుండా వేధించేది. 'పీకడం', 'లాగడం' నడుము నుంచి తొడల్లోకి జారే నొప్పికి వాడతాం. 'మంట' మూత్రవిసర్జన వేళ చెప్పేది. మన అమ్మమ్మలు వాడిన ఈ మాటలు వైద్యులకు పనికొచ్చే సమాచారం. ప్రయోగశాల పరీక్ష చెప్పలేని సంగతిని ఇవి చెబుతాయి.

కాబట్టి కనీసం మూడు నెలసరులపాటు ఒక నోటుపుస్తకంలో తేదీ, నొప్పి ఉన్న చోటు, దాని తీరు, వాడిన మాత్ర, తగ్గిందా లేదా, ఆ రోజు మానుకున్న పని రాసుకోవడం మంచిది. నొప్పి తీవ్రతను 0 నుంచి 10 వరకు అంకెల్లో కూడా గుర్తించవచ్చు. అయితే చాలామంది స్త్రీలకు అంకె కంటే 'అన్నం వార్చలేకపోయాను', 'బస్సెక్కలేకపోయాను' అనే వాక్యమే సులభం, నిజానికి దగ్గర కూడా.

7. నిర్ధారణ, చికిత్స:

నొప్పి మొదలైన నాటి నుంచి నిర్ధారణకు ఏళ్లు పట్టడం ఈ వ్యాధిలో ప్రపంచమంతటా కనిపిస్తుంది. అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ పరీక్షల్లో చాక్లెట్ సిస్టులు, లోతుగా పాకిన వ్యాధి తెలియవచ్చు. పైపొరపై ఉన్న చిన్న మచ్చలు తెలియకపోవచ్చు. కాబట్టి 'స్కానింగులో ఏమీ లేదు' అన్నంత మాత్రాన వ్యాధి లేదని కాదు. ఒకప్పుడు లాపరోస్కోపీ చేస్తేనే నిర్ధారణ అనేవారు. 2022లో వెలువడిన ఐరోపా మార్గదర్శకాలు లక్షణాలను బట్టి ముందుగానే మందులు ప్రారంభించవచ్చని సూచించాయి. యోనిమార్గం ద్వారా చేసే స్కానింగు పట్ల సంకోచం ఉన్న అవివాహితలకు ఎంఆర్ఐ వంటి ప్రత్యామ్నాయాలున్నాయి. పరీక్షకు జంకి వైద్యమే మానుకోనక్కరలేదు.

వ్యాధిని పూర్తిగా నిర్మూలించే మందు ఇప్పటివరకు లేదు. అదుపు చేసే మార్గాలున్నాయి. నొప్పిమాత్రలు, హార్మోన్ మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోన్ సాధనం, అవసరమైతే శస్త్రచికిత్స వాటిలో ముఖ్యమైనవి. ఎవరికేది తగునన్నది వయసు, లక్షణాలు, సంతానేచ్ఛను బట్టి వైద్యులు నిర్ణయిస్తారు. శస్త్రచికిత్స తరువాత తిరగబెట్టే అవకాశం ఉన్నందున అనుసరణ అవసరం. వేడికాపడం, నడక, కంటినిండా నిద్ర తోడ్పడతాయి కానీ వైద్యానికి బదులు కావు. ఉన్నట్టుండి భరించరాని నొప్పి, స్పృహ తప్పడం, జ్వరంతో కూడిన కడుపునొప్పి ఉంటే, గర్భం ఉండే అవకాశం ఉన్నప్పుడు నొప్పి వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

8. రెండు అపోహలు:

'పెళ్లయితే అదే తగ్గుతుంది', 'ఒక కాన్పయితే పోతుంది' అనేది మొదటి అపోహ. గర్భధారణలో కొందరికి ఉపశమనం కలిగినా, అది చికిత్స కాదు. నొప్పికి మందుగా పెళ్లి చేయడం ఆ అమ్మాయికి, రాబోయే బిడ్డకు కూడా అన్యాయం. సంతానానికి ఆటంకం కలిగే అవకాశం ఉన్నా, ఈ వ్యాధి ఉన్న స్త్రీలలో అనేకులు తల్లులవుతున్నారు.

'సంచి తీసేస్తే సరి' అనేది రెండవది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలలో గర్భసంచి తొలగింపు రేటు అత్యధికంగా నమోదైన రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. కాబట్టి ఈ మాట మన ప్రాంతంలో మరింత ప్రమాదకరం. వ్యాధి గర్భసంచికి వెలుపల ఉన్నప్పుడు సంచిని మాత్రమే తీసివేస్తే నొప్పి మిగిలిపోవచ్చు. చిన్నవయసులో అండాశయాలు కూడా తొలగిస్తే ఎముకలు, గుండె ఆరోగ్యం దెబ్బతినే ముప్పు పెరుగుతుంది. కొందరికి ఆ శస్త్రచికిత్స నిజంగానే అవసరం కావచ్చు. అయితే అది అన్నీ తెలిసి, మరొక వైద్యుని అభిప్రాయం కూడా తీసుకుని చేసుకునే నిర్ణయం కావాలి.

9. ముగింపు:

ఎండోమెట్రియోసిస్‌కు తెలుగులో స్థిరపడిన పేరు ఇంకా లేదు. పేరు కంటే ముందు రావలసింది దాని గురించి మాట్లాడే వీలు. తల్లి కూతురిని 'నొప్పి ఎలా ఉంది, ఎన్నాళ్ల నుంచి?' అని అడగడం, వైద్యులు 'ఇది మామూలే' అనేముందు మరొక ప్రశ్న వేయడం, విద్యాసంస్థలు హాజరు లెక్కల్లో ఈ రోజులను గుర్తించడం అందుకు తొలిమెట్లు. కేరళ ప్రభుత్వం 2023లో తన పరిధిలోని విశ్వవిద్యాలయాల విద్యార్థినులకు నెలసరి దృష్ట్యా హాజరులో సడలింపు ఇచ్చింది. మన విద్యాసంస్థలు కూడా ఆలోచించదగిన మార్గమిది.

ఇప్పుడు నా తరగతిలో సెలవుచీటీ ఇచ్చే విద్యార్థినులకు ఒక మాట చెబుతున్నాను. కారణం రాయడం ఇష్టం లేకపోతే ఖాళీగా వదిలేయవచ్చు, జ్వరమని మాత్రం రాయనక్కరలేదు. గత సంవత్సరం ఒక అమ్మాయి 'ముట్టునొప్పి, నడుము నుంచి కాళ్లలోకి లాగుతోంది, ఆరు నెలలుగా' అని రాసింది. ఆ చీటీనే తీసుకుని వైద్యుని వద్దకు వెళ్లమన్నాను.